రాయి కింది సాక్షి

కర్నలు విసిరిన టోపీ బల్ల మీద జారుకుంటూ వచ్చి, మధ్యలో గీసిన తెల్లగీత దాటి ఇవతల ఆగింది. గ్రీజు మరకలతో, చెమట ఆరి చారలు కట్టిన టోపీ.

"మీ బుల్డోజరు డ్రైవరుది," అన్నాడు కర్నలు. "తలకాయ మా దగ్గరుంది. ఇప్పటికైతే మెడ మీదే ఉంది."

బల్లకి ఇటువైపు కూర్చున్న ఐదుగురిలో ఎవరూ టోపీని ముట్టుకోలేదు. వంతెన పక్కనున్న ఆ రేకుల షెడ్డులో సరిహద్దు గీత ఒక గోడ దిగి, నేల మీద పాకి, బల్లెక్కి, అవతలి గోడ మీదుగా వెళ్లిపోతుంది. గీతకి అటు వాళ్ల దేశం, ఇటు వీళ్ల దేశం. రెండు దేశాలదీ ఒకే భాష కావడంతో తిట్లకి దుబాసీ అక్కర్లేదు. గురి తప్పకుండా తగులుతాయి.

"టోపీలు చూపించి జడిపించడం పిల్లకాయల పని కర్నలుగారూ," అన్నాడు ఇవతలి నాయకుడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. "మావాడు మా నేల మీద రోడ్డు వేసుకుంటున్నాడు. మీరొచ్చి ఎత్తుకుపోయారు. మా ఇళ్లల్లో దీన్ని దొంగతనం అంటారు."

"వాగు ఒడ్డున ఉన్న సరిహద్దు రాయిని ఈడ్చుకొచ్చి కొండ నెత్తిన పాతితే మీ ఇళ్లల్లో ఏమంటారు? గృహప్రవేశమా?"

"రాయి కదల్లేదు."

"కదిలింది! కళ్లున్నవాడెవడైనా చెప్తాడు."

"కదల్లేదంటున్నానా?"

పెద్దాయన పక్కన కూర్చుని మాటలన్నీ రాసుకుంటున్న కార్యదర్శి కలం ఆపింది. రాయడానికి కొత్తగా ఏమీ లేదు. మూడు రోజులుగా ఇవే రెండు మాటలు. గీత దాటొచ్చిన ఆ టోపీనే చూస్తోంది ఆమె. అంచు దగ్గర ఎవరో దారంతో కుట్లు వేసి ఉన్నారు. ఆడమనిషి కుట్లు.

"సరే," అన్నాడు కర్నలు వెనక్కి వాలుతూ. "తవ్వుదాం అయితే. రేపు పొద్దున్నే. రాయి కింద సాక్షి ఉంటే మీదే గెలుపు. లేకపోతే మీ డ్రైవరు మీద గూఢచారి కేసు, మీ రోడ్డు మీద మా ఫిరంగి."

ఇవతలి వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అంతకన్నానా? తవ్వుదాం," అన్నాడు.

అందరూ లేచాక కార్యదర్శి టోపీని తీసి తన సంచిలో పెట్టుకుంది.

విడిది బంగళా గేటు దగ్గర డ్రైవరు భార్య నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందని కాపలా మనిషి చెప్పాడు. కార్యదర్శి జీపు దిగి టోపీ చేతికిస్తే, ఆమె దాన్ని తిప్పి కుట్లు చూసుకుంది.

"టోపీ వచ్చింది. మనిషెప్పుడొస్తాడు?"

"మాట్లాడుతున్నామమ్మా."

"మీరు మాట్లాడుకుంటూనే ఉండండి. మీ బల్ల మీద టీలు చల్లారేలోపు మా బతుకు తెల్లారిపోద్ది." పెద్దాయన జీపు లోపలికి పోతుంటే దాన్ని చూపించింది. "మా ఆయన సొంతంగా ఒక మేకు కూడా కొట్టడు. ఎవరన్నా చెప్తేనే బండి తీస్తాడు. ఆ చెప్పినోడెవడో మీలోనే ఉంటాడు."

"వెతుకుతాం."

"మీరా?" అని నవ్వింది ఆ మనిషి. ఉమ్మేసినట్టుంది ఆ నవ్వు.

కార్యదర్శి లోపలికి వెళ్తే వరండాలో పెద్దాయన బూట్లు విప్పుకుంటున్నాడు. ఆయన ఆమెకి సొంత బాబాయి. నలుగురిలో సార్ అంటుంది, ఇంట్లో బాబాయ్ అంటుంది.

"ఆవిడతో నీకేంటి మాటలు చిట్టీ? నలుగురూ చూస్తున్నారు. పిన్ని ఫోన్ చేసింది, ఒకసారి మాట్లాడు," అన్నాడు.

సరిహద్దు రాయి పాతేటప్పుడు దాని కింద నడుము లోతు గొయ్యిలో ఏదో ఒకటి పూడుస్తారు. సర్వేవాళ్లు దాన్ని సాక్షి అంటారు. బొగ్గో, సీసాలో, పెంకులో. కుళ్లనిదీ చెదలు తిననిదీ ఏదైనా సరే. రాయిని ఎవడైనా జరిపితే పైనున్నది జరుగుతుంది గాని, కిందున్నది పాత చోటే ఉండిపోతుంది. ఏ రాయి కింద ఏముందో కాగితం మీద పెట్టరు. పాతిన రోజున దగ్గరున్న ఇద్దరికే తెలుస్తుంది, ఇటొకడు, అటొకడు. ఉద్యోగం దిగిపోయేముందు తన తర్వాతివాడి చెవిలో చెప్పిపోతారు. మిగతావాళ్లకి రాయి కింద మట్టే.

ఈ రాయికి ఇటు సాక్షి ఎరిగినవాడు పెద్దాయన. అప్పట్లో ఆయన సర్వేలో కుర్ర అధికారి. అటు ఎరిగినవాడు ఒక ముసలి సర్వేయరు. ఇద్దరూ ఇంకా ఎవరి చెవిలోనూ వేయలేదు.

పొద్దున్నే కొండ మీద గాలి కోస్తోంది. పద్ధతి ప్రకారం తవ్వకం ముందు ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవాలి. పెద్దాయన వంగాడు. ముసలి సర్వేయరు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. తర్వాత తన చెవి అప్పగించాడు. తలలు ఊపుకున్నారు. పాత స్నేహితులు పెళ్లిలో కబుర్లాడుకున్నట్టే ఉంది దూరం నుంచి చూసేవాళ్లకి. ఇద్దరూ వెనక్కి జరిగాక ముసలాయన తన చెవిని చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

రాయిని గునపాలతో పక్కకి దొర్లించారు. పారలు పడ్డాయి. మోకాలి లోతు దాకా ఎర్రమన్నే. తొడ లోతుకొచ్చేసరికి పార కింద కరకరమంది. నల్లగా బొగ్గు. బొగ్గులో మూడు సీసాలు, మూతులు కిందికీ అడుగులు పైకీ.

ఇవతలి వాళ్లు ఒక్కసారిగా కేకలేశారు. ఒకడు సిపాయిని కావలించుకున్నాడు. "ఇప్పుడేమంటారు కర్నలుగారూ? సాక్షి కూడా మా డబ్బులు తిందా?" అన్నాడు ఇంకొకడు.

కార్యదర్శి కూడా చప్పట్లు కొట్టింది. చేతులు కలిసిన మరుక్షణం బాబాయి వైపు చూసింది. అందరూ గొయ్యి మీదికి వంగి చూస్తుంటే ఆయనొక్కడే చూడలేదు. ఆయన కళ్లు దిగువన వాగు ఒడ్డు మీద ఉన్నాయి.

ముసలి సర్వేయరు గొయ్యిలోకి దిగి బొగ్గు ముక్క వేళ్ల మధ్య నలిపాడు. ఒక సీసా తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. ఎక్కి వచ్చి పెద్దాయన ఎదురుగా నిలబడ్డాడు.

"రాయికి కాళ్లొచ్చాయంటే సరేలే, బండి కట్టి లాగారనుకున్నా. బొగ్గుకి కూడా వచ్చాయేంటయ్యా?"

"ఓడిపోతే హుందాగా ఓడిపోవాలి."

ముసలాయన చేతికర్ర తీసుకుని కొండ దిగడం మొదలుపెట్టాడు. కర్నలు వెనకే నడిచాడు, వాళ్ల వెనక అందరూ. వాగు ఒడ్డున ఒకచోట గడ్డి మొలవని జాగా ఉంది. ముసలాయన అటూ ఇటూ గట్టినేల మీద కర్ర పొడిచాడు, దిగలేదు. ఆ జాగాలో పొడిచాడు. వెన్నలో కత్తిలా పిడి దాకా దిగిపోయింది.

చప్పట్లు కొట్టినవాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"ఇక్కడ తవ్వమంటారా?" అని అడిగాడు కర్నలు తీయగా. "ఏరుకెళ్లగా మిగిలిన బొగ్గు ముక్కలు నాలుగైనా దొరక్కపోవు. ఫొటోగ్రాఫరు కూడా ఉన్నాడు."

పెద్దాయన ఆ కర్రకేసి కాసేపు చూశాడు. తర్వాత కర్నలు భుజం మీద చెయ్యి వేశాడు.

"అలా నడిచొద్దాం రండి."

ఇద్దరూ వాగు వెంబడి నడిచారు. ఒకరి సిగరెట్టు ఒకరు వెలిగించుకున్నారు. తిరిగొచ్చేసరికి ఇద్దరి మొహాల్లోనూ పొద్దుటి కోపం జాడ లేదు. కార్యదర్శికి అది చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

జీపులో పెద్దాయన విషయం చెప్పాడు. రాయి వాగు ఒడ్డుకి తిరిగి వెళ్తుంది. దాన్ని జరిపింది డ్రైవరు. తాగిన మైకంలో, ఎవరికీ చెప్పకుండా, ఆకతాయితనంతో. రాయినీ, రాయి కిందున్నదాన్నీ. ఆ మాట డ్రైవరు వాళ్ల దగ్గర ఒప్పుకున్నాడు కూడా. శిక్ష ఎనిమిదేళ్లు, అవతలి జైల్లో. రేపు ఉమ్మడి ప్రకటన.

"రెండు పరువులూ దక్కాయి సార్," అన్నాడు ముందు సీట్లోవాడు. "మీరు గాబట్టి గట్టెక్కించారు."

"పాము చావకుండా కర్ర విరగకుండా," అన్నాడు ఇంకొకడు.

కార్యదర్శి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నడుము లోతు గొయ్యి. తాగినవాడు రాయిని గుద్దుతాడు, లేదా ఈడుస్తాడు. రాయి పోయిన చోట కింద ఏదో ఉందని తవ్వి, పగలకుండా మూడు సీసాలు తీసి, కొండెక్కి, మూతులు కిందికి పెట్టి పూడుస్తాడా?

ప్రకటనలో ఎవరి పేరైనా ఎక్కేముందు వాళ్ల దేశపు మనిషి ఒకరు వెళ్లి అతన్ని కళ్లారా చూసి రావాలి. కార్యదర్శిని పంపారు.

అవతలి శిబిరంలో ఇరుకు గది. కిటికీకి అట్ట కొట్టేశారు. డ్రైవరు బెంచీ మీద కూర్చుని చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఎడమ చెంప వాచింది. తలుపు దగ్గర కాపలా సిపాయి గోళ్లు గిల్లుకుంటున్నాడు.

"అన్నం పెడుతున్నారా?"

"పెడుతున్నారు. పెట్టేముందు కొడుతున్నారు."

సిపాయి తలెత్తి చూసి మళ్లీ గోళ్లలో పడ్డాడు.

"ఆ రోజు తాగావా?"

"నేను ముట్టను మేడమ్. తాగినట్టు రాస్తామన్నారు. రాసుకోనివ్వండి, దానికేముంది. మా ఆవిడొక్కతే నవ్వుద్ది."

"రాయిని ఎలా జరిపావు?"

"గొలుసు కట్టి లాగాను. బండి వెనక వచ్చేసింది."

"రాయి కింద ఏముంది?"

డ్రైవరు ఆమెని వింతగా చూశాడు. "రాయి కింద ఏముంటుంది మేడమ్? మట్టి."

సిపాయి కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకి డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. ఏదో తప్పు పలికానని తెలిసింది గాని, అదేమిటో తెలియలేదు. "తవ్వాను కూడా," అన్నాడు గబగబా. "తవ్వానని చెప్పమ... తవ్వాను మేడమ్. ఎంత లోతు కావాలంటే అంత. రాసుకోండి."

"నువ్వు లాగేశాక ఎవరు తవ్వారు?"

"నన్ను టీ తాగి రమ్మని పంపేశారు."

"ఎవరు?"

అతను పెదవి కొరుక్కున్నాడు. "మా ఆవిడకి ఇల్లిస్తామన్నారు. పిల్లని చదివిస్తామన్నారు. నేను నోరు జారితే ఆ ఇద్దరూ ఏమవుతారో కూడా చెప్పారు."

"ఎవరు చెప్పారు? నేను మనవాళ్ల తరఫునే వచ్చాను."

డ్రైవరు మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. వాపుకి సగం మూసుకుపోయిన కంట్లోంచి కూడా ద్వేషం స్పష్టంగా కనపడుతోంది.

"మీకు తెలీదా? నన్నే చెప్పమంటున్నారా?" అన్నాడు. "ఆ ముక్కు, ఆ కనుబొమ్మలు. మీరు తలుపు తీసుకుని వస్తుంటే ఆయనే వస్తున్నాడనుకున్నా. మనవాళ్లంట, మనవాళ్లు!"

సాయంత్రం విడిది భోజనాల గదిలో బాబాయి ఒక్కడే కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టలా రావాలి ఆయనకి. కార్యదర్శి ఎదురుగా కూర్చుని, సంచిలోంచి ఒక మాత్ర తీసి ఆయన పళ్లెం పక్కన పెట్టింది.

"పిన్ని గుర్తుచెయ్యమంది. బీపీ మాత్ర."

"మీ పిన్నికి నేను బతికుండటం ఒక ఉద్యోగం." మాత్ర మింగి నీళ్లు తాగాడు. "చూశావా వాణ్ణి? బాగానే ఉన్నాడా?"

"రాయి కింద మట్టి ఉంటుందన్నాడు."

కత్తి ఆగింది. మళ్లీ కదిలింది.

"నువ్వే కదా బాబాయ్?"

ఆయన తొక్క పూర్తిగా తీశాడు. చుట్టని పళ్లెంలో పెట్టి, తొనలు విడదీశాడు.

"అవును, నేనే. అయితే?"

కాదంటాడని ఎక్కడో ఆశపడింది ఆమె.

"ఆ రాయి మొదట పాతిందే తప్పు చోట," అన్నాడు ఆయన. "మా పై అధికారి ఎండలో కొండెక్కలేక, వాగు దగ్గరే పాతి పారేయమన్నాడు. నా కళ్ల ముందు. కొండ మనది చిట్టీ. ముప్పయ్యేళ్లు ఆ రాయి నా గుండె మీద ఉన్నట్టుంది. రిటైరయ్యేలోపు దాన్ని దాని చోట పెట్టాలనుకున్నాను."

"ఆ మాట బల్ల మీద చెప్పాల్సింది."

"బల్ల మీద మాటలే వస్తాయి. కొండలు రావు."

"ఇప్పుడు కొండా రాలేదు. డ్రైవరూ పోయాడు."

"పోలేదు. ఎనిమిదేళ్లకి వస్తాడు. యుద్ధమే వస్తే? వాడిలాంటివాళ్లు వెయ్యిమంది పోరా? పెళ్లానికి ఇల్లు ఇప్పిస్తా, పిల్లని చదివిస్తా. వాడు బుల్డోజరు మీద వందేళ్లు కూర్చున్నా అంత కూడబెట్టలేడు."

"చెంప వాచిపోయింది బాబాయ్ వాడికి."

"వాచిన చెంపలు తగ్గుతాయి." ఒక తొన ఆమె వైపు జరిపాడు. ఆమె తీసుకోలేదు. "రేపు ప్రకటన చదవాల్సింది నువ్వే. బృందంలో చిన్నవాళ్లు చదవడం రివాజు. గొంతు వణక్కూడదు. ఆ బల్ల దగ్గర పైకి చదివిన ముక్క రెండు పక్కలా రికార్డవుతుంది, దాన్ని వెనక్కి తీసుకోవడం ఉండదు. తప్పు చదివితే ఆ తప్పే ఖాయమవుతుంది."

"నేను చదవనంటే?"

"ఇంకొకడు చదువుతాడు. డ్రైవరుకి ఎనిమిదేళ్లు అలాగే ఉంటాయి, నీ కింద కుర్చీ మాత్రం ఉండదు." ఆయన గొంతు పెంచలేదు. "మీ నాన్న పోయిన రోజున నిన్ను ఎత్తుకుని ఇంటికి తీసుకొచ్చింది నేను. ఆ కుర్చీ వేసిందీ నేనే. వేసినవాడికి తీయడం ఎంతసేపు? వెళ్లి పడుకో. మొహం పీక్కుపోయింది."

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "వాడు నన్ను చూసి నువ్వనుకున్నాడు," అంది.

"పోలిక అలాంటిది మరి," అన్నాడు బాబాయి, కాస్త గర్వంగానే.

మర్నాడు షెడ్డులో కుర్చీలన్నీ నిండాయి. బల్లకి రెండు కొసలా రెండు టేపు రికార్డర్లు తిరుగుతున్నాయి. కర్నలు మీసాలకి నూనె రాసుకొచ్చాడు. ముసలి సర్వేయరు కళ్లు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. ఫొటోగ్రాఫరు మూల నుంచి మూలకి తిరుగుతున్నాడు. కిటికీలోంచి వంతెన కనిపిస్తోంది. వంతెన మొదట్లో తాడు కట్టిన చోట డ్రైవరు భార్య నిలబడి ఉంది. ఏ ముక్క చదువుతారో ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కార్యదర్శి నిలబడి చదవడం మొదలుపెట్టింది. గొంతు వణకలేదు. రెండు దేశాల మధ్య అనాదిగా ఉన్న మైత్రి గురించి చదివింది, అందరూ గంభీరంగా విన్నారు. వాగు ఒడ్డున ఉన్న చోటే అసలు సరిహద్దు అని చదివింది. కర్నలు తల ఊపాడు. రాయిని ఉభయ పక్షాల సమక్షంలో తిరిగి అక్కడే పాతుతారని చదివింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రాయినీ, దాని కింది సాక్షినీ తరలించడం ఉభయ ప్రభుత్వాలకీ తెలియకుండా ఒక వ్యక్తి సొంతంగా చేసిన పని," అని చదివింది. "ఆ వ్యక్తి..."

అక్కడ ఆగింది. కాగితాన్ని బల్ల మీద, గీతకి ఇవతల బోర్లా పెట్టింది.

"తర్వాతి ముక్క చదవండి కార్యదర్శిగారూ," అన్నాడు కర్నలు.

"ఆ వ్యక్తి బుల్డోజరు డ్రైవరని ఇందులో ఉంది. అతను గొలుసు కట్టి రాయి లాగాడు, లాగమంటే లాగాడు. దాని కింద మట్టి తప్ప ఇంకోటి ఉంటుందని కూడా అతనికి తెలీదు. నిన్న నేను అడిగాను. మీ సిపాయి విన్నాడు, నవ్వాడు కూడా. అతన్ని పిలిచి అడగండి."

ఇవతలి వరసలో ఒకడు సగం లేచాడు. "మేడమ్, ఏంటిది? కూర్చోండి."

"రాయి కింద ఏముందో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఆ ఇద్దరూ నిన్న పొద్దున మనందరి ముందూ చెవుల్లో చెప్పుకున్నారు."

ముసలి సర్వేయరు కళ్లు తెరిచాడు. టేపులు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపమని ఎవరూ అనలేకపోయారు. ఆపమన్నవాడి మాట కూడా అందులోకే ఎక్కుతుంది.

"అందులో ఒకాయన తన దేశపు నేలని తానే పోగొట్టుకోడు," అంది ముసలి సర్వేయరుని చూపించి.

"చిట్టీ," అన్నాడు పెద్దాయన. గట్టిగా అనలేదు. ఇంట్లో, వీధి తలుపు వెయ్యమని చెప్పేటప్పటి గొంతు. "ఇంకో ముక్క మాట్లాడావంటే నా ఇంటి గడప తొక్కొద్దు."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి, ఆయన వైపు పూర్తిగా తిరిగింది. చేతులు రెండూ బల్ల మీద ఆనించింది. రికార్డరుకి బాగా వినపడేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"డ్రైవరు చేత రాయి లాగించింది, అతన్ని టీకి పంపి ఆ సాక్షిని తవ్వి కొండ మీదికి మోసింది ఈయన. మా బృందానికి నాయకుడు. నన్ను పెంచిన మా బాబాయి."